పెట్టె మీది పసుపు

పార్సిల్ వెళ్ళి తొమ్మిది రోజులైంది. ఎక్స్‌ప్రెస్ అన్నారు, రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుందన్నారు. గవరయ్య ఫోన్‌లో నంబరు కొట్టి చూసినప్పుడల్లా 'మీ పార్సిల్ బయలుదేరింది' అన్న ఒక్క ముక్కే కనిపిస్తోంది. బయలుదేరింది సరే, ఎటు పోయిందో దానికే తెలియాలి.

గవరయ్య నాగావళి ఒడ్డున ఒక చిన్న ఆశ్రమంలో విరూపాక్షస్వామికి శిష్యుడు. ఊళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర మిగిలిన తత్వాల పుస్తకాలు తెప్పించుకుని, చేత్తో నకలు రాసుకుని, అసలు ప్రతిని భద్రంగా తిరిగి పంపడం అక్కడి పని. పంపడం గవరయ్య వంతు. పన్నెండేళ్ళలో తన చేతి మీదుగా వెళ్ళింది ఒక్కటీ పోలేదని అతనికి కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే ఉండేది.

ఇప్పుడు పోయింది నరసమ్మ అనే ముసలామె తండ్రి తన చేత్తో రాసుకున్న తత్వాల పుస్తకం. నకలు ఇంకా సగమే అయింది. పౌర్ణమి నాడు ఊళ్ళో ఆయన పేరిట భజన ఉందని, పుస్తకం చూసే పాడాలని ఆమె కబురు చేస్తే, సాధారణ తపాలాకు వ్యవధి లేక గవరయ్య మొట్టమొదటిసారి ఎక్స్‌ప్రెస్ పార్సిల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కౌంటర్లో వాళ్ళు పెట్టెకు చీటీ అంటించాక, ఆశ్రమం ఆచారం ప్రకారం నూనె చుక్కేసి కలిపిన పసుపు రాసి, కళ్ళకద్దుకుని మరీ ఇచ్చాడు.

ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి రోజూ ఇరవై నాలుగు గంటలు ఆగమంటోంది. ఆ ఇరవై నాలుగు గంటలు ఇప్పటికి ఆరుసార్లు గడిచాయి. ఆ పొద్దున నరసమ్మే చేసింది. తిట్టి ఉంటే గవరయ్యకు సుఖంగా ఉండేది. ఆమె తిట్టలేదు.

"అది మా నాయిన సేతి రాత బాబూ. ఇంకోటి నేదు."

గవరయ్యకు అన్నం సయించలేదు. వెళ్ళి స్వామి ముందు కూర్చుని, ఆ కంపెనీవాళ్ళు ఎంత బాధ్యత లేని మనుషులో ఏకరువు పెట్టాడు. తన వైపు లోపమేమీ లేదన్నాడు. పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుంది కనుక మూడు రోజులు ఉపవాసముండి జపం చేస్తానన్నాడు.

స్వామి అంతా విని లేచాడు. రెండు డబ్బాల్లో అన్నం సర్దించి, తాటాకు ప్రతులు చదివే భూతద్దం సంచిలో వేసుకున్నాడు.

"పద, వెతుకుదాం."

"ఎక్కడని వెతుకుతాం స్వామీ? ఆచూకీ లేదు కదా."

"ఆచూకీ ఉంటే వెతకడం దేనికి?"

పట్నం బయట హైవే పక్కన ఆ కంపెనీవాళ్ళ రేకుల గోదాము. దాన్ని చూసుకునే ఆమె పేరు వహీదా. నంబరు కంప్యూటర్లో కొట్టి, లోపలికి వచ్చినట్టు లేదంది. అలా చెప్పి ఊరుకోకుండా, మూలనున్న ఇనుప జాలీ గది చూపించింది. చీటీలు చిరిగినవి, తడిసినవి, మిషన్ చదవలేనివి అన్నీ అందులో పడేస్తారట. మనుషులు చాలక వాటిని ముట్టుకుని నెలైందట. పెట్టెలు విప్పకుండా, పైన ఉన్నది మాత్రం చదవొచ్చని ఒప్పుకుంది.

స్వామి ఒక గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. చేతికందిన మొదటి పొట్లం తీసి, భూతద్దం పెట్టి, చిరిగిన చీటీ మీద మిగిలిన అక్షరాలు కూడబలుక్కోసాగాడు.

గవరయ్యకు ఒళ్ళు మండింది. పౌర్ణమి ముంచుకొస్తుంటే ఈయన ఈ పొట్లంతో ఏం చేస్తాడు?

"స్వామీ, అది మనది కాదు."

"ఎవరిదో ఒకరిది."

ఆ రోజు సాయంత్రానికి ముప్పై పొట్లాలకు ఊరూ పేరూ దొరికాయి. అందులో వీళ్ళది లేదు. మర్నాడు మొదటి బస్సుకే మళ్ళీ వచ్చారు. గవరయ్య విసుక్కుంటూనే ఒకటి తీశాడు. చీటీ మీద 'కొత్తవలస, జీడితోట ఎదురుగా' అన్నంతే మిగిలింది. ఆ చుట్టుపక్కల మూడు కొత్తవలసలున్నాయని, ఇది ఏదో మిషన్‌కు కాదు కదా తనకే తెలియదని వహీదా అంది. పాటల కోసం పన్నెండేళ్ళుగా ఊరూరా తిరిగిన గవరయ్యకు మాత్రం జీడితోట ఏ కొత్తవలసలో ఉందో తెలుసు. ఆ పొట్లం మీద 'మందులు' అని రాసి ఉంది. అది ఆ మధ్యాహ్నం వ్యాన్‌లోనే వెళ్ళిపోయింది.

ఆ తరువాత గవరయ్య విసుక్కోలేదు. తీసిన ప్రతిదాన్నీ తేల్చేదాకా కింద పెట్టకూడదని పట్టుబట్టాడు. అన్నం డబ్బా విప్పడం మరిచిపోతే స్వామే గుర్తుచేశాడు.

మూడో రోజు పదిగంటలకు, అడుగునున్న ఒక అట్టపెట్టె లాగాడు. చీటీ ఉంది, చిరగలేదు. కానీ దాని మీద ఒక్క అక్షరం లేదు. మిషన్ చదివే నిలువుగీతలు లేవు, పేరు లేదు, ఊరు లేదు. ఆ అంచు నుంచి ఈ అంచుదాకా నూనె మరక, మధ్యలో పచ్చగా ఒక బొటనవేలి ముద్ర.

గవరయ్య పక్కకు చూశాడు. స్వామి అటువైపు తిరిగి వేరే పొట్లం చదువుకుంటున్నాడు. తువ్వాలు కొసతో ఒక్కసారి తుడిచేస్తే ఎవరికీ తెలియదు. గవరయ్య తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు కూడా.

అంతలో వహీదా వచ్చి చూసి, ఆ కాగితం మీద అచ్చు నూనెకు ఆగదని, ఎవరు చేశారో గానీ పాపం ఈ పార్సిల్ ఇక ఎవరికీ అందదని అంది.

గవరయ్య తువ్వాలు కింద పెట్టి, తన బొటనవేలు తీసి ఆ ముద్ర మీద ఉంచాడు. సరిగ్గా సరిపోయింది.

"నేనేనమ్మా," అన్నాడు.

అది వాళ్ళదేనని రూఢి చేసుకోవడానికి ఆమె ఎదురుగానే పెట్టె విప్పారు. కాషాయ గుడ్డలో పుస్తకం చెక్కుచెదరకుండా ఉంది. వహీదా కొత్త చీటీ తీసి తెచ్చింది. వ్యాన్ బయలుదేరడానికి ఇంకా పావుగంట ఉంది.

గవరయ్య చెయ్యి అలవాటు చొప్పున సంచిలోని పసుపు భరిణె మీదికి పోయి, ఆగిపోయింది. స్వామి ఆ భరిణె అందుకున్నాడు. వేలితో కాస్త తీసి గుడ్డ మీద రాసి, పెట్టె మూశాడు.

"ఇది లోపలుండనీ గవరయ్యా. బయట నరసమ్మ పేరుండాలి."

కొత్త చీటీ అంటించాక, గవరయ్య వహీదాను అడిగి లావుపాటి కలం తీసుకున్నాడు. చీటీకి తగలకుండా, పెట్టె మరో పక్కన నరసమ్మ పేరు, ఊరు, ఫోన్ నంబరు రాశాడు. వ్యాన్ రోడ్డెక్కేదాకా చూశాడు.

స్వామి సంచి సర్దుకుంటూ బస్సుకు వేళయిందన్నాడు.

"ఇంకా యాభై ఆరున్నాయి స్వామీ," అని గవరయ్య జాలీ గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. స్వామి సంచిలోంచి భూతద్దం మళ్ళీ తీశాడు.

ఆ రోజుకు అవి పూర్తి కాలేదు. మర్నాడు అక్కడే ఉండగా ఫోన్ మోగింది. నరసమ్మ. పుస్తకం అందిందట. రేపటి భజన కాగానే మళ్ళీ పంపుతుందట, మిగతా సగం కూడా రాసుకోమంది. ఆ మాటకు గవరయ్య కళ్ళు చెమర్చాయి. ఆమె గొంతులో నవ్వు వినిపించింది.

"నా పేరు అంత పెద్దగా రాసినావేటి బాబూ? బండోడు వీధి మొగలోంచే సదువుకుంటా వచ్చినాడు."

గవరయ్య స్వామి వైపు చూశాడు. స్వామి భూతద్దం కింద ఎవరిదో ఊరి పేరు కూడబలుక్కుంటున్నాడు.