మొగలిలంక లాకుల గంగులు

కాలువ మీద తెరచాపలు నడిచిన కాలం. లారీ మోత ఎవరి చెవినా పడని కాలం. ఆ కాలంలో మొగలిలంక లాకుల దగ్గర గంగులు అనే కాపలావాడు ఉండేవాడు.

లాకులంటే ఏమిటో వినండి. ఎగువ నీరు ఎత్తు, దిగువ నీరు పల్లం. నడుమ రెండు తలుపుల రాతి గది. పడవ గదిలోకి రాగానే గంగులు నీరు తగ్గించి, మెల్లగా కిందికి దింపేవాడు. విడతకి ఒక్క పడవే. మిగిలినవి మొగలిపొదల పక్కన, లకుముకి పిట్టలను చూస్తూ ఆగాల్సిందే.

పెళ్లివారి పడవ తొందరపడింది. “ముందొచ్చిన పడవే ముందు” అన్నాడు గంగులు.

సొంత బావమరిది పడవ తొందరపడింది. “ముందొచ్చిన పడవే ముందు” అన్నాడు.

మునసబు జగ్గరాజు గారి పడవ తొందరపడింది. “ముందొచ్చిన పడవే ముందు, బాబూ” అన్నాడు. బాబూ అని చేర్చాడు గాని, తలుపు తియ్యలేదు.

ఒకనాడు పొద్దున్నే ఇటుకల పడవ, కుండల పడవ, జగ్గరాజు గారి పడవ వరసగా నిలిచాయి. వాటి వెనక మరో పడవ వచ్చింది. అందులో గంగులు కూతురు వరాలు. నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. దిగువన పట్నం ఆసుపత్రికి చేర్చకపోతే తల్లీ బిడ్డా దక్కరు.

“నాన్నా, తలుపు తియ్యి!”

జగ్గరాజు గారు నవ్వారు. “ఏరా గంగులూ, ఇవాళ ఏ పడవ ముందొచ్చిందిరా?”

గంగులు వరస మొదటికి చెయ్యి చూపించాడు. “ఇటుకల పడవ బాబూ. ఆఖరున వచ్చింది నా కూతురు.”

కళ్లు తుడుచుకున్నాడు. ఎవరినీ అడగలేదు. ఒకరి వంతు అడగడం కూడా లాక్కోవడమే అనుకునే మనిషి.

ఇటుకల పడవవాడు పడవ తోసే గెడ పైకి లాగి పడవకి అడ్డంగా పెట్టాడు. “నా వంతు పిల్లకిచ్చాను.”

కుండల పడవ అవ్వ గెడ అడ్డం పెట్టింది. “నా వంతూ పిల్లకే. కుండలకి నొప్పులు రావుగా!”

అందరూ జగ్గరాజు గారి వైపు చూశారు. ఆయన నవ్వు ఆగిపోయింది. “నన్నాపినవాడు కన్నకూతుర్నీ ఆపాడు” అంటూ తానే లేచి గెడ అడ్డం పెట్టారు. “ఇంకా చూస్తావేంరా, తియ్యి!”

అప్పుడు తీశాడు గంగులు. తల్లీ బిడ్డా దక్కారు.

గంగులు పోయాడు. పడవలు పోయాయి. తలుపులు తుప్పుపట్టి, ఆ రాతి గదిలో ఇప్పుడు నీటిపిల్లులు ఈదుతున్నాయి. మొగలిలంక మాత్రం మరవలేదు. అక్కడ కుళాయి దగ్గర ఎవరూ వరస తప్పరు. ఎవరికైనా ఆపద ముంచుకొస్తే నోరు తెరిచి అడగనివ్వరు. ముందున్నవాళ్లే బిందెలు అడ్డంగా పడుకోబెట్టి అంటారు:

“గంగులు వంతు. వెళ్లమ్మా.”