మిట్టమధ్యాహ్నపు మంట

జిలానీ దర్గాలో చేరి పదకొండు నెలలైంది. నూరుల్లా బాబా ఒక్కసారి కూడా అతన్ని పొయ్యి వెలిగించనివ్వలేదు. బియ్యం కడగమనేవారు, డేగిశాలు తోమమనేవారు. ఈసారి ఉరుసు వంటకి నిప్పు తన చేత్తోనే పెట్టాలని జిలానీ ఆశ.

మూడోసారి అడిగినప్పుడు బాబా వంటశాల వెనక్కి చూపించారు.

"ముందు దాన్ని బాగుచెయ్యి. తర్వాత చూద్దాం."

అక్కడ గోడవారగా ఒక పాత గ్యాస్ గ్రిల్ ఉంది. మూతపడ్డ హోటల్ వాళ్ళెవరో కబాబులు కాల్చుకోమని దర్గాకి ఇచ్చి పోయారు. తొమ్మిదేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వంటమనిషి మదార్ ఒక మధ్యాహ్నం దాని మీదికి వంగాడని, మళ్ళీ లేవలేదని చెప్పుకుంటారు. అది మనిషిని వంగమని పిలుస్తుందట.

"ఇనుము పిలుస్తుందా బాబా?" అని నవ్వాడు జిలానీ.

"విని నువ్వే చెప్పు."

నాలుగు రోజులు తుప్పు గీకాడు. సిలిండరుకి రబ్బరు పైపు కొత్తది వేశాడు. లోపల మూడు గొట్టాలు, ఒక్కోదానికి యాభై రెండు కన్నాలు. నూట యాభై ఆరింటినీ సూదితో పొడిచి శుభ్రం చేశాడు. అతుకులకి సబ్బు నురగ పూస్తే ఒక్క బుడగ లేవలేదు; గ్యాస్ ఎక్కడా కారడం లేదు.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం గ్రిల్‌ని ఎండలోకి లాగాడు. నాబ్ తిప్పి అగ్గిపుల్ల గీసి పెట్టాడు. చిన్నగా ఉఫ్ మంది. పుల్ల ఆరిపోయింది. తర్వాత సన్నటి చప్పుడు, ఎవరో పళ్ళ సందులోంచి ఊపిరి వదులుతున్నట్టు. గొట్టాల మీద తెల్లటి ఎండ తప్ప ఇంకేమీ లేదు.

సమాధి మీద వాడిపోయిన గులాబీ రేకుల్ని దోసిట్లో తీసుకుని బాబా అటుగా వచ్చారు.

"అంటుకోలేదు బాబా. నూట యాభై ఆరింట్లో ఒక్కటి కూడా."

"లెక్కపెట్టావా?"

"సున్నాని లెక్కపెట్టేదేముంది? కనిపిస్తూనే ఉందిగా. గ్యాస్ ఎక్కడిదాకా వస్తోందో చేత్తో చూస్తాను."

అతను వంగాడు. ఊపిరి చప్పుడు దగ్గరైంది. మొహానికి సెగ తగిలింది. ఎండ సెగే అనుకున్నాడు. చెయ్యి చాపాడు.

బాబా ఆ చేతిని పట్టుకోలేదు. ఒక రేకు వదిలారు.

అది జిలానీ వేళ్ళ ముందునుంచి జారి, ఇనుముకి బెత్తెడు ఎత్తున, గాల్లోనే ముడుచుకుంది. నల్లబడింది. లేకుండా పోయింది. బాబా ఇంకోటి వదిలారు. మరొకటి. ఏమీ లేని గాలి ఒక్కో రేకునీ తినేసింది.

జిలానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేళ్ళ మీది నూగు వెంట్రుకలు కాలిపోయాయి. మంట ఉంది, ఎండలో కనబడలేదంతే.

నాబ్ కట్టేశాడు. చప్పుడు ఆగింది. గొట్టాల మీద అదే తెల్లటి ఎండ. చూపుకి ఏదీ మారలేదు.

"ఆరిందా?" అన్నారు బాబా.

జిలానీ గొట్టాలకేసి వంగబోయి ఆగాడు.

"చెయ్యి పెట్టి చూడు."

జిలానీ బాబా దోసిట్లోంచి ఒక రేకు తీసుకున్నాడు.

"ఉరుసుకి నిప్పు నువ్వు పెట్టు," అన్నారు బాబా.