గవర్రాజు మళ్ళీ రేడియో పట్టిన వైనం

ద్రాక్షారం దగ్గర ఓ ఊళ్ళో గవర్రాజు ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఆ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనలేదు, గవర్రాజే అనేవాడు. భార్య మంగాయమ్మ "అవునండీ" అనేది. బావమరిది అబ్బులు "అవునవును" అనేవాడు. ఇంట్లో ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక ఊరితో పనేముంది?

ఆ తెలివితోనే గవర్రాజు వయసులో ఉండగా హామ్ రేడియో నేర్చాడు. ఇంట్లో కూర్చుని గాలిలోకి మాట పంపి, ఎక్కడో ఉన్న మనిషితో కబుర్లాడే సరదా అది. బరంపురం దండపాణి అలా దొరికినవాడే. మొహాలు చూసుకున్నది లేదు, గొంతుల స్నేహం. తరవాత ఉద్యోగం, బదిలీలు. సెట్టు అటకెక్కింది. ఇరవై రెండేళ్ళు గడిచిపోయాయి.

మొన్న దండపాణి ఫోన్ చేశాడు. "గవర్రాజూ, సోమవారం అపార్ట్‌మెంట్‌కి మారిపోతున్నాను. అక్కడ ఏరియల్ తీగ కట్టనివ్వరట. ఆదివారం పొద్దున్న పదింటికి ఆఖరుసారి గాలిలో మాట్లాడుకుందామా?"

"ఇప్పుడు మాట్లాడుకుంటున్నాంగా?"

"ఇది ఫోనయ్యా!" అన్నాడు దండపాణి దిగులుగా.

గవర్రాజు గుండె కలుక్కుమంది. లైసెన్సు చూస్తే జీవితకాలానిది. తనూ ఇంకా బతికే ఉన్నాడు. ఇంకేముంది, సెట్టు అటక దిగింది.

ఆదివారం అబ్బులు కొబ్బరిచెట్టెక్కి తీగ కట్టాడు. "ఇక సెట్టుకి ఎర్తు, అదే భూమి, కలపాలే" అన్నాడు గవర్రాజు భార్యతో. మంగాయమ్మ పెరట్లోంచి గంపెడు మట్టి తెచ్చి సెట్టు మీద గుమ్మరించబోయింది.

"ఆగక్కా! బావ కలపమన్నాడు. నీళ్ళు పొయ్యకుండా ఎలా కలుస్తుంది?" అన్నాడు అబ్బులు.

అదీ నిజమే అనిపించింది గవర్రాజుకి. బేసిన్‌లో మట్టి పోసి, నీళ్ళు పోసి, బాగా పిసికి, సెట్టు నుంచి వచ్చే తీగని ఆ బురదలో గుచ్చారు. అంతే, భూమి కలిసింది.

పదయింది. గవర్రాజు మైకులో ఎంత అరిచినా జవాబు లేదు. ఇంతలో ఫోన్ మోగింది.

"ఏమయ్యా, ఒక్క ముక్క వినపడ్డంలేదు! నొక్కి మాట్లాడు" అన్నాడు దండపాణి.

గవర్రాజు ఒక్కో అక్షరాన్నీ నొక్కి నొక్కి పలికాడు. "నే...ను... గ...వ...ర్రా...జు...ని!"

"అక్షరాలు కాదు మహానుభావా, మైకు మీద మీట! నొక్కి మాట్లాడు, వదిలేసి విను."

గవర్రాజు మీట నొక్కాడు. "దండపాణీ, నేను గవర్రాజుని. ఓవర్!" అని మైకే వదిలేశాడు. అది టపుక్కున బురదలో పడింది. ఓవర్ అన్నారు కదా, పనయిపోయిందని మంగాయమ్మ స్విచ్చి కట్టేసింది.

మళ్ళీ స్విచ్చి వేసి, మైకు పైపైన తుడిచి, మళ్ళీ పిలిచారు. సెట్టు గరగరలాడింది. ఆ గరగరలోంచి దండపాణి గొంతు, అచ్చం పాతదే, పైకి తేలింది.

"దొరికావు గవర్రాజూ!"

గవర్రాజు కళ్ళు చెమర్చాయి.

"కానీ నీ గొంతేమిటయ్యా, నూతిలోంచి వస్తున్నట్టుంది?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. గవర్రాజు మెడ తడుముకున్నాడు.

"పొద్దున్న నీళ్ళు తోడుతూ దగ్గారు కదండీ, అప్పుడే పడుంటుంది" అంది మంగాయమ్మ.

"ఇరవై రెండేళ్ళు వాడకుండా పెడితే వదులైపోదూ మరి!" అని గవర్రాజు తన్ను తనే తిట్టుకుని మీట నొక్కాడు. "దండపాణీ, ఒక్క నిమిషం ఉండు. గొంతు నూతిలో పడిందట, తీసుకొచ్చి మాట్లాడతాను."

సెట్టులోంచి నవ్వు మొదలైంది. దగ్గొచ్చేదాకా నవ్వాడు దండపాణి. "ఇన్నేళ్ళలో వీసమెత్తు మారలేదయ్యా నువ్వు!" అన్నాడు. గవర్రాజుకి ఛాతీ పొంగింది. మెచ్చుకున్నాడనుకున్నాడు.

అబ్బులు అప్పటికే నూతిగట్టు ఎక్కి లోపలికి వంగాడు. "ఉన్నావా?" అని అరిచాడు.

"ఉన్నావా?" అంది నుయ్యి.

అబ్బులు మొహం తెల్లబోయింది. "బావా! ఇది నీది కాదు, నాది! నాది ఎప్పుడు పడిపోయిందో ఏమో!" అని ఘొల్లుమన్నాడు.

అంతే. గొంతు లేనివాడు మాట్లాడకూడదని టక్కున నోరు మూసుకుని, చేద వెయ్యమని వెనకే పరిగెత్తుకొచ్చిన అక్కకి సైగలు చెయ్యడం మొదలెట్టాడు.