మూడో గడి

మార్కండేయులు మాస్టారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు టిఫిన్ చేశావా అని కనుక్కుంటారు, తరవాత ఏదో పని పురమాయిస్తారు. ఆ పని అయ్యేసరికి ఒక్కోసారి ప్రశ్నే మారిపోయి ఉంటుంది. ఏజెన్సీకి దగ్గరగా ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఆదివాసీ పిల్లలకు డేటా సైన్సు, కృత్రిమ మేధ నేర్పడానికి ఫెలోషిప్ పెట్టినప్పుడు, గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన్ని పాఠాలకు పిలిచారు. ఆ ఏటి ఫెలోలలో కోయపిల్ల పూనెం ముత్యాలు అందరికన్నా చురుకైనది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక ఉదయం ఆమె మాస్టారి గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది.

"నేను చూసింది చూసినట్టే చెప్పాను మాస్టారూ. నిజం చెప్తే మా అమ్మ మీద కేసెందుకైంది?"

జరిగింది ఇది. అడవి మీద డ్రోన్ తీసిన ఫొటోల్లో నిప్పు కనబడితే అది ఎలాంటి నిప్పో ఫెలోలు మిషన్‌కి నేర్పాలి. నేర్పడమంటే మనిషి ఒక్కో ఫొటోనూ చూసి, తెర మీద ఉన్న రెండు గడుల్లో ఒకటి నొక్కడం. ఒకటి దానంతటదే అంటుకున్న నిప్పు, రెండోది కావాలని పెట్టిన నిప్పు. ఇప్పపూలు రాలే ముందు కోయ ఆడవాళ్లు చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి పోగేసి కాలుస్తారు. నేల శుభ్రంగా ఉంటేనే పూలు ఏరుకోవడం కుదురుతుంది. వేరే కొండల నుంచి వచ్చిన పిల్లలు ఆ చిన్న చిన్న పొగలేమిటో అర్థంకాక వదిలేశారు. ముత్యాలు చిన్నప్పట్నుంచీ చూసిన పొగ అది. మనిషి పెట్టిందే కదా అని ఒక్కటీ వదలకుండా రెండో గడి నొక్కింది. మిషన్ ఇట్టే నేర్చుకుంది. ముత్యాలుకు చప్పట్లు కొట్టి శాలువా కప్పారు.

రెండో గడిని అటవీ కార్యాలయం నేరం కింద జమకడుతుందని మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పైగా పరీక్షకని మొదట డ్రోన్ ఎగరేసింది ఆమె ఊరి మీదే. ఆమె తల్లి మీదా, ఇంకొందరు ఆడవాళ్ల మీదా కేసు రాసి, అడవిలో అడుగు పెట్టనివ్వడం లేదు. ఏడాదికొక్కసారి వచ్చే పువ్వు, రాలినచోటే మురిగిపోతోంది.

"నా వేలితోనే నా కన్ను పొడిపించారు," అంది ముత్యాలు. ఏడుపు ఎక్కడా లేదు, ఒళ్లంతా కోపమే. ఆ కోపం మిషన్ మీదా, గడులు చేసిచ్చినవాళ్ల మీదా, అన్నిటికన్నా ఎక్కువగా శాలువా కప్పుకుని మురిసిపోయిన తన మీదా.

మాస్టారు ఆమెను టిఫిన్‌కి పంపి, ఫెలోషిప్ డైరెక్టర్ శతానందం గారికి ఫోన్ చేశారు. మర్నాడే ఫెలోషిప్ కోసం కట్టిన కొత్త కేంద్రానికి ప్రారంభోత్సవం. జిల్లా మొత్తానికి వాడుకోమని మిషన్‌ని అటవీశాఖకు అప్పగించేదీ ఆ సభలోనే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పిల్లలు చేసినదాన్ని శతానందం గారు ధారపోస్తున్నారు. అతిథుల్ని అడవి దాకా తిప్పడమెందుకు, డ్రోన్ ఇక్కడే ఎగరేసి చూపిద్దామన్నారు మాస్టారు. డైరెక్టర్ గారికి ఆ మాట నచ్చింది. మిషన్ దగ్గర ముత్యాల్ని కూర్చోబెడితే పేపర్లో ఫొటో బాగుంటుందని కూడా ఆయనకు తోచింది. ఛస్తే రానని ఆ పిల్ల మొండికేసింది. వచ్చి కూర్చుంటే చాలని మాస్టారు ఎలాగో ఒప్పించారు. దాంతో ఆమెకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు కొత్త భవనం ముందు పచ్చిక మీద, ఆరుబయట, గణపతి హోమం. శతానందం గారు పట్టుపంచె కట్టి పీట మీద కూర్చున్నారు, పంతులుగారు నెయ్యి పోస్తున్నారు. డ్రోన్ లేచింది. పెద్ద తెర మీద విశ్వవిద్యాలయమంతా కనిపించింది. మధ్యలో ఎర్రటి చుక్క, పక్కన అక్షరాలు: కావాలని పెట్టిన నిప్పు, నేరం. చుక్కను ఇంకాస్త పెద్దది చేసి మిషన్ పంతులుగారి పిలకనూ, డైరెక్టర్ గారి పట్టుపంచెనూ అందరికీ చూపించింది.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలోని అటవీ అధికారి నవ్వలేదు. శతానందం గారు పీట మీంచి లేచొచ్చి, హోమానికీ తగలబెట్టడానికీ తేడా తెలియదా ఈ మిషన్‌కి అని ముత్యాలు మీద విసుక్కున్నారు. పూజ అని మూడో గడి చేర్చెయ్యమన్నారు. ఎంతసేపు పడుతుందని అధికారి అడిగితే, కాఫీ తాగేలోపు అయిపోతుందని ఆయనే హామీ ఇచ్చారు.

అంత తేలికా, అనుకుంది ముత్యాలు. అలాగైతే ఇప్పచెట్టు కింద నిప్పుకు కూడా ఒక గడి చేరుస్తానంది. శతానందం గారు గొంతు తగ్గించి, అది వేరే సంగతనీ, దానికి కమిటీ వేయాలనీ, నివేదిక రావాలనీ, ఇది సమయం కాదనీ నచ్చజెప్పబోయారు.

"హోమానికి ఏ కమిటీ వేశారు సార్?"

ముత్యాలు గొంతు తగ్గించలేదు. అడిగి, కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. మిషన్‌కి నేర్పింది ఆమె కాబట్టి అప్పటికప్పుడు ఆ గడి చేర్చడం అక్కడ ఇంకెవరికీ చేతకాలేదు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు. హోమాన్ని నేరమన్న మిషన్‌ని తీసుకెళ్తే రేపు ఎవరి ఉద్యోగానికి నిప్పంటుకుంటుందో అధికారికి తెలిసొచ్చింది. తరవాత చూద్దామని, సంతకం పెట్టకుండానే లేచారు.

అప్పగింత ఆగిందిగానీ ముత్యాలు కోపం ఆగలేదు. తల్లి మీద కేసు కేసులాగే ఉంది. మాస్టారు వెనక వరసలో తీరిగ్గా పులిహోర తింటున్నారు. ఆమె నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, నిన్న నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదంది.

మాస్టారు విస్తరి మడిచి, వాకిట్లో తలుపు తెరిచి ఉన్న అటవీ అధికారి జీపు వైపు చూపించారు.

"మిషన్ ఇవాళ కూడా నిజమే చెప్పిందమ్మా. పంతులుగారి మీద కేసెప్పుడు రాస్తారో, ఆ జీపు కదిలేలోగా వెళ్లి అడుగు."