నోరు తీపి చేసే రాజ్యం

"చిన్ని చిన్ని ఉండ, చేతిలోని ఉండ,
నాన్న నోట పెడితే..."

ఆ తర్వాతి మాటలు నాగమల్లికకు గుర్తులేవు. చిన్నప్పుడు ఈ పాట పాడుతూ తండ్రి నోట్లో సున్నుండలు పెట్టేదట. ఇప్పుడా తండ్రికి తీపి విషమైంది.

మన ముత్తవ్వలకు ముత్తవ్వలు పుట్టకముందు ఒక రాజుండేవాడు, రత్నశేఖరుడని. ఈ నాగమల్లిక ఆయన ఒక్కగానొక్క కూతురు. రాజుగారి కాలి బొటనవేలి మీద పుండు లేచింది, ఎన్ని లేపనాలు పూసినా మానలేదు. నలభై రోజులు నాలుక మీద తీపి పడకూడదన్నాడు వైద్యుడు.

సరేనన్నాడు రాజు. కానీ ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. శుభవార్త తెచ్చినవాడు రాజుగారి నోరు తీపి చెయ్యాలి. ఆయన వద్దంటే ఆ శుభం వచ్చిన దారినే పోతుందని నమ్మకం.

పది రోజులు గడిచాయి. పట్టపుటేనుగు ఈనిందని ఒకడు అరిసె తెచ్చాడు. రాజు తిన్నాడు, పుండు రేగింది. మళ్ళీ మొదటి రోజు. ఇంకో పది రోజులకు చెరువులు నిండాయని ఒకడు కజ్జికాయ తెచ్చాడు. తిన్నాడు, పుండు పాదమంతా పాకింది. మళ్ళీ మొదటి రోజు. మూడోసారి పొరుగురాజు సంధికి ఒప్పుకున్నాడని లడ్డు వచ్చింది. తిన్నాడు, పుండు చీలమండ దాకా పాకింది. ఇంకోసారి తింటే ప్రాణానికే ముప్పని చెప్పేశాడు వైద్యుడు.

లడ్డు పొడి నేల మీద రాలినా చీమ పట్టకపోవడం చూసింది నాగమల్లిక. గోడ వారన పోతున్న చీమను కారణమడిగింది.

"అది ధూమ్రకేశుడి వంట, మేం ముట్టం," అంది చీమ. ఆ మాంత్రికుడు ఈ రాజ్యం మీద కన్నేసి ఆ మిఠాయిలు పంపుతున్నాడనీ, ఏడు సముద్రాల అవతల పంజరంలో ఉన్న చిలకలో వాడి ప్రాణముందనీ, అది పంజరం దాటితే వాడు బూడిదేననీ చెప్పింది.

తను తిరిగొచ్చేదాకా ఎవరూ శుభవార్త లోపలికి తేకూడదని కోట వాకిట్లో కట్టడి చేసి, నాగమల్లిక బయల్దేరింది. ఒక తాబేలు ఆమెను వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

తీరా చూస్తే పంజరానికి తలుపే లేదు, వాకిలి తెరిచే ఉంది. పటికబెల్లం తిని తిని చిలక గుమ్మడికాయంత అయింది, ఆ వాకిట్లో పట్టదు, రెక్క లేవదు. మాంత్రికుడు పెట్టి వెళ్ళే పటికబెల్లాన్ని నాగమల్లిక రోజూ చాటుగా సముద్రంలో పారేసి, జామకాయా పచ్చిమిరపకాయా పెట్టింది.

"అక్కా, ఒక్క పలుకు పెట్టు. ఇవాళ్టికే," అని బతిమాలేది చిలక. అచ్చం నాన్నగారి గొంతే. అయినా ఆమె పెట్టలేదు. చిలక మూడు రోజులు అలిగింది, నాలుగో రోజు మిరపకాయ కొరికింది. ఇరవయ్యో రోజున రెక్కలు విదిల్చి రివ్వున ఎగిరిపోయింది. ధూమ్రకేశుడు నిలుచున్నచోటే బూడిదయ్యాడు. వాడి శాపం తీరి తాబేలు పద్మకేతుడనే రాజకుమారుడై నిలిచింది. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. పడవెక్కి ఇల్లు చేరేసరికి రాజుగారి దీక్షలో ముప్పైతొమ్మిదో రోజు సాయంత్రం.

ఆ తర్వాత పెళ్ళయింది. పెళ్ళిపీటల దాకా రాజు తన కాళ్ళతోనే నడిచొచ్చాడు. కూతురూ అల్లుడూ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. అయితే పిల్లలు ఎప్పుడు కథ అడిగినా నాగమల్లిక చెప్పేది మాత్రం ఆ సాయంత్రం సంగతే.

గడపలో నిలబడింది. తండ్రి పుండు ఎండి పక్కు కట్టింది. మంత్రిగారి భార్య అప్పుడే లడ్ల పళ్ళెం పట్టుకుని సిద్ధంగా ఉంది. మాంత్రికుడు పోయినా పథ్యం ఇంకా ఒక రోజుంది. నోరు విప్పితే తినిపించాలి, తినిపిస్తే మళ్ళీ మొదటి రోజు. మళ్ళీ మొదటి రోజంటే ఈసారి ప్రాణమే.

"ఏం విశేషాల్లేవు, నాన్నగారూ," అంది తల వంచుకుని.

రాజు ఆమె మొహం చూశాడు, పక్కనున్న కుర్రవాణ్ణి చూశాడు, పళ్ళెం వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఆ లేని విశేషం రేపు పొద్దు కుంకాక చెప్పు తల్లీ. ఇప్పుడు కాసిని మజ్జిగ పొయ్యి."