నూకరత్నం అరుగు

అనగా అనగనగా, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నూకరత్నం అని జాకెట్లు కుట్టే ఒకావిడ ఉండేదమ్మా. ఆవిడకి ఒక్కతే కూతురు, పైడితల్లి. పిలిస్తే పలికేది కాదు, కళ్ళలోకి చూసేది కాదు, కుక్కరు కూత పెడితే చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకునేది.

ఊళ్ళోవాళ్ళు దిష్టన్నారు. తాయెత్తు కట్టమన్నారు. పెంపకం బాలేదని కూడా అన్నారు. అన్నీ విని నూకరత్నం బిడ్డని పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. దీన్ని ఆటిజం అంటారనీ, ఇది రోగం కాదనీ, మనకి చిన్న చప్పుడే ఈ పిల్లకి పిడుగులా వినిపిస్తుందనీ ఆవిడ చెప్పింది.

అప్పుడు నూకరత్నం కుక్కరుని అటకెక్కించి గిన్నెలో అన్నం వండింది. దూరం నుంచి కేకెయ్యడం మాని, పిల్ల ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడింది. నీళ్ళు, అన్నం, ఉయ్యాల బొమ్మలు గీసి గోడకి అంటించింది. నెలలు గడిచినా పిల్ల అటు చూడలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, నీళ్ళ బొమ్మ మీద వేలు పెట్టి నిలబడింది. నూకరత్నం ఒక్క పరుగున వెళ్ళి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చిందనుకో.

ఆ తర్వాత సంగతి తెలిసి, అలాంటి పిల్లలున్న తల్లులు ఒక్కొక్కరే నూకరత్నం ఇంటికి రాసాగారు. ఆదివారం వస్తే అరుగు నిండిపోయేది. నూకరత్నం తెలిసింది చెప్పేది, తెలియనిది వాళ్ళని అడిగేది, ఏడ్చేవాళ్ళని ఏడవనిచ్చేది.

ఒక ఆదివారం పక్క ఊరి నుంచి గౌరీశ్వరి అనే తల్లి కొడుకుని తీసుకుని తొలిసారి వచ్చింది. గుమ్మం దాకా వచ్చేసరికి లారీ హారను కొట్టింది. పిల్లాడు నడివీధిలో పడి దొర్లుతూ అరిచాడు. జనం మూగారు. ఒకడు సెల్లు తీశాడు. గౌరీశ్వరికి తలెత్తుకోవాలంటే సిగ్గేసింది.

అప్పుడు అరుగు మీది తల్లులందరూ దిగి, పిల్లాడికి వీపులు పెట్టి చుట్టూ దడిలా నిలబడ్డారు. ఆటో నడిపే నూకరత్నం మొగుడు తన బండిని రోడ్డుకి అడ్డంగా పెట్టేశాడు. నూకరత్నం ఆ దుమ్ములోనే కాస్త ఎడంగా కూర్చుంది. పిల్లాణ్ణి ముట్టుకోలేదు, పలకరించలేదు. మెల్లమెల్లగా వాడి అరుపు తగ్గింది, ఊపిరి కుదుటపడింది.

గౌరీశ్వరి ఏడుస్తూ, వీధిలో మీ పరువు తీశామని ఏదో చెప్పబోయింది.

"వాడేం తప్పు చేశాడమ్మా? చెవులు నొప్పెట్టాయి, అరిచాడు. లోపలికి రా, టీ తాగుదువు గాని" అంది నూకరత్నం.

ఇప్పుడు గౌరీశ్వరి ఊళ్ళోనూ అలాంటి అరుగొకటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు నువ్వెవరమ్మా అని ఎవరైనా అడిగితే, నూకరత్నం తన పేరు చెప్పదు. తల పైకెత్తి, "పైడితల్లి వాళ్ళమ్మని" అంటుంది.

కథ నడిచె కంచికి,
మాట నడిచె మంచికి,
నిద్ర నడిచె నా చిట్టితల్లి కంటికి.