ఐదో దోసకాయ

“దోసకాయలోయ్! చేదుంటే బండి ఇక్కడే వదిలేసి పోతా!”

వీధి చివర్నుంచి ఆ కేక వినబడేసరికి వీరభద్రాచారి మాస్టారు తలెత్తారు. ఆయన చేతిలో పెన్ను ఉంది గాని, దానికి ఇంకా మూత తీయలేదు. ఎదురుగా మా అన్నగారమ్మాయి మంజువాణి ఆ మూత వంకే చూస్తూ నిలబడి ఉంది.

ఆ పిల్ల తెలుగులో ఎం.ఫిల్. చేస్తోంది. దంపుళ్ళ పాటల మీద, అంటే వడ్లు దంచుతూ ఆడవాళ్ళు పాడుకునే పాటల మీద, సిద్ధాంత వ్యాసం రాసింది. గైడుగా మాస్టారు సంతకం పెడితే శుక్రవారంలోగా యూనివర్సిటీలో ఇచ్చేయొచ్చు. తప్పితే మళ్ళీ ఆరు నెలలకే. ఈలోగా పక్క ఊరి కాలేజీలో ఈమె కోసం అట్టేపెట్టిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకని ఆ ఆదివారం పొద్దున్నే బండి మీద ఎక్కించుకుని బాపట్లలో మాస్టారింటికి తీసుకొచ్చాను. నేను పదో తరగతితో ఆపినవాణ్ణి. మా ఇంట్లో ఒకళ్ళు రెండొందల పేజీలు రాశారంటే ఆ కట్ట మోసినా నాకు పండగే.

మాస్టారు కాగితాలన్నీ తిరగేసి ఒక్క మాట అడిగారు. “ఇందులో అరవై రెండు ఉటంకింపులు ఉన్నాయమ్మా. ఫలానా పెద్దలు ఇలా అన్నారు అని అరవై రెండు చోట్ల రాశావు. వాటిలో నువ్వు పుస్తకం తెరిచి చూసుకున్నవి ఎన్ని?”

“పద్నాలుగు” అంది మంజువాణి. అబద్ధం చెప్పే పిల్ల కాదు. మిగతావన్నీ ఇరవై ఏళ్ళ కిందట ఇదే విషయం మీద ఇంకొకాయన రాసిన సిద్ధాంత గ్రంథంలోంచి దింపుకుందట. “ఆయన బాగా చదువుకున్నవాడు మాస్టారూ. చదివి, ఏరి, పేజీ నంబరుతో సహా ఇచ్చాడు. ఆయన్ని నమ్మి రాసుకుంటే తప్పా? అన్ని పుస్తకాలూ మళ్ళీ నేనే తెరవాలా?”

అడిగినదానికి అడిగినచోటే జవాబు చెప్పే అలవాటు మాస్టారికి లేదు. ఎవరేం అడిగినా ఏదో ఒక పని పురమాయిస్తారు. అప్పుడూ అంతే. పెన్ను జేబుకు తగిలించుకుని, “దోసకాయలొచ్చినట్టున్నాయి. మా ఆవిడకు మణికట్టు నొప్పి. ఈ పూట పప్పు నువ్వు చేసిపెట్టమ్మా, తరవాత మాట్లాడుకుందాం” అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. సంతకానికొస్తే వంట చెబుతారేమిటండీ!

గుమ్మంలో బండి ఆగింది. మాస్టారి భార్య కామాక్షమ్మగారు బుట్ట పట్టుకుని బయటికి వచ్చారు.

“తెల్లారి కోసిన కాయలమ్మా. మా పాదుకి చేదనేదే తెలీదు” అన్నాడు బండి అబ్బాయి.

“నిరుడూ ఇదే అన్నావు. మా పప్పంతా పారబోశాం. బండి మటుకు ఇంకా నీ దగ్గరే ఉందేం?” అన్నారావిడ. అతను నవ్వేసి, ఐదు కాయలు బుట్టలో వేసి వెళ్ళిపోయాడు.

మంజువాణి కత్తిపీట ముందు కూర్చుంది. ఒక్కో కాయ చెక్కు తీయడం, రెండుగా కోయడం, గింజల దగ్గర చిన్న ముక్క తీసి నాలిక మీద వేసుకోవడం, బాగుంటే గిన్నెలోకి తరగడం. మాస్టారు వంటింటి గుమ్మానికి ఆనుకుని చూస్తున్నారు. నాకు ఊరకే ఉండటం చేతకాదు గదా.

“అతనంత గట్టిగా చెప్పాక మళ్ళీ ఈ రుచి చూడ్డాలెందుకే అమ్మడూ? పని తెమలద్దూ?”

“చెప్పి వెళ్ళిపోయేది అతను. గిన్నెలో వేసేది నేను కదా బాబాయ్.”

నాలుగు కాయలు బాగున్నాయి. ఐదోది నోట్లో పెట్టుకుందో లేదో, మొహమంతా ముడుచుకుని తూముకేసి పరిగెత్తింది. పుక్కిలించి వచ్చి, “విషంలా ఉంది! పైకి ఇదే నిగనిగలాడుతోంది చూడండి” అంది.

“నాలుగు బాగున్నాయి కదమ్మా. ఐదోదానికి ఆ నమ్మకం చాలలేదా?” అన్నారు మాస్టారు.

“అదేమిటి మాస్టారూ, చూడకుండా ఎవరైనా...” అని నవ్వబోయి ఆగిపోయింది. తరవాత ముక్కలు కడిగి, పప్పులో కలిపి పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుని సరాసరి ముందుగదిలో పుస్తకాల బీరువా దగ్గరికి వెళ్ళింది.

చూడాల్సిన నలభై ఎనిమిది ఉటంకింపుల్లో ఇరవైకి పుస్తకాలు ఆ బీరువాలోనే ఉన్నాయి. “బాబాయ్, నువ్వు పేజీ తీసి పైకి చదువు. నేను నా కాగితం చూసుకుంటా” అంది. ఇక చూసుకోండి నా వైభవం! పదో తరగతివాణ్ణి, పండితుల పుస్తకాలు గొంతెత్తి చదువుతున్నాను. ఒకటి సరిపోయింది, రెండు సరిపోయాయి, పంతొమ్మిది సరిపోయాయి. కామాక్షమ్మగారు రెండుసార్లు వచ్చి, “పప్పు దించేశాను. లేవండి, అన్నం చల్లారిపోతోంది” అన్నా ఎవరమూ కదల్లేదు.

ఇరవయ్యోది ఒక పెద్దాయన రాసిన పుస్తకం. ఆ అమ్మాయి మూడో అధ్యాయమంతా ఆయన మీద పోట్లాటే. “ఈ పాటలు ఒళ్ళు నొప్పి మరవడానికి పుట్టినవే, వీటిలో ఆలోచన లేదు” అని ఆయన అన్నాడని ముప్పై ఎనిమిది పేజీలు ఆయన్ని ఏకిపెట్టింది. నేను ఆ వాక్యం చదివాను.

“అక్షరం పొల్లుపోలేదు. చాలు బాబాయ్” అంది.

నాకు అలా మధ్యలో ఆపడం రాదు. కథ చదివినట్టు చదువుకుపోతాను. పేజీ తిప్పాను. “అని కొందరంటారు. ఒక్క పూట రోకలి పట్టినవాళ్ళెవరూ ఈ మాట అనరు” అని ఉంది అక్కడ.

మంజువాణి పుస్తకం లాక్కుని తను చదువుకుంది. మొహం తెల్లబోయింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. కాదు, నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళనీళ్ళొచ్చేదాకా. “నా పక్షాన మాట్లాడినాయన్నే తిట్టాను బాబాయ్! ముప్పై ఎనిమిది పేజీలు!”

తనే లేచి, సంతకం కోసం బల్ల మీద పెట్టిన కాగితం తీసి సంచిలో పెట్టేసుకుంది. “గురువారం వస్తాను మాస్టారూ. రేపట్నుంచి లైబ్రరీలోనే కూర్చుంటా. దొరికినవి చూసుకుంటాను, దొరకనివి తీసేస్తాను.” మాస్టారు తల ఊపారు. ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీరూ కంగారు పడకండి: ముప్పై ఎనిమిది పేజీలు పదకొండయ్యాయి, గురువారం పెన్ను మూత తీశారు, శుక్రవారం ఇచ్చి వచ్చాం.

ఆ ఆదివారం మాత్రం మూడు గంటలకు గాని అందరం అన్నాల ముందు కూర్చోలేదు. వడ్డన అయ్యాక మంజువాణిని కామాక్షమ్మగారు రెక్క పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. పప్పు అమృతంలా ఉంది. ఆకలి కాస్త తగ్గాక నాకు కోపం పుట్టుకొచ్చింది.

“ఆ ఇరవై ఏళ్ళ కిందటాయన్ని వెతికి పట్టుకుని నాలుగు దులపాలి మాస్టారూ! అంత చదువుకుని, ఒక్క పేజీ తిప్పలేకపోయాడా?”

మాస్టారు నా విస్తట్లో ఇంకొంచెం నెయ్యి వేశారు.

“ఆయన్నేమీ అనకండి. ఎవరో వడ్డిస్తే తిన్నాడు పాపం.”